గురక లేని రాత్రి

మదనపల్లె శివారులోని ఒక వృద్ధాశ్రమంలో రెడ్డెమ్మ రాత్రి ఆయా. 2004లో చేరింది. మతి తప్పిన ముసలివాళ్లు రాత్రంతా లేచి తిరుగుతుంటే ఒక్కతే పట్టలేక, డాక్టరు రాసినదానికన్నా ఒక నిద్రమాత్ర ఎక్కువే మింగించేది. మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆ రాత్రీ అందరికీ మాత్రలు వేసి గోడకు చేరగిలబడింది. పగలంతా ఇంటి చాకిరీ చేసి వచ్చింది, కళ్లు మూతలు పడుతున్నాయి. కాసేపటికి ఉలిక్కిపడింది. హాల్లో ఒక్క గురకా వినపడడం లేదు. ఊపిరి చప్పుడైనా లేదు.

భయంతో లైటు వేసింది.

నెలల తరబడి నోరు మెదపని శారదమ్మ మంచం మీద కూర్చుని ఉంది. అరచేతి నిండా తడిసిన మాత్రలు.

"మింగలేదా అమ్మా?" అంది రెడ్డెమ్మ.

"నీ కోసరమే అందరం ఎత్తిపెట్టినాం బిడ్డా. సానా అలిసిపోయుండావు. మింగి పండుకో. మేం సూసుకుంటాంలే."

ఆ గొంతులో కోపం లేదు. రెడ్డెమ్మ చుట్టూ చూసింది. అందరూ పడుకునే ఉన్నారు. అందరి కళ్లూ తెరుచుకుని తనవైపే చూస్తున్నాయి.

తలుపు వైపు ఒక అడుగు వేసి ఆగింది. తనను పడుకోమని ఒకరు చెప్పి ఎన్నేళ్లయిందో.

శారదమ్మ నీళ్ల గ్లాసు అందించింది. రెడ్డెమ్మ మాత్రల కోసం చేయి చాచింది.