ప్రశ్నల తాతయ్య

“కొండ మీద మబ్బు దిగేలా ఉంది డాక్టరుగారూ. ఇవాళ్టికి ఆగితే మంచిది.”

ఫ్లయింగ్ క్లబ్బు రేడియో గదిలో కూర్చునే పెద్దావిడ కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పింది.

“అది దిగేలోపు నేను అవతలుంటానమ్మా,” అన్నాడు పళ్ళ డాక్టరు.

ఆగే మనిషేనా? కొత్తగా లైసెన్సు వచ్చింది. క్లబ్బు వాళ్ళ నాలుగు సీట్ల విమానం ఇవాళంతా తనదే. కొండ అవతల ఊళ్ళో మరదలికి ఆడపిల్ల పుట్టింది. భార్యనీ కూతుర్నీ మొదటిసారి గాల్లో తీసుకెళ్తున్నాడు.

అన్నిటికీ మించి బావమరిది ఒకడున్నాడు. “బావా, నువ్వా బొమ్మ విమానంలో వచ్చేలోపు నేను బస్సులో వెళ్ళి ఓ కునుకు కూడా తీస్తాను” అని నలుగురిలో అనేశాడు. అప్పట్నుంచీ డాక్టరు పళ్ళు నూరుతూనే ఉన్నాడు, పళ్ళ డాక్టరై ఉండి.

తల్లీకూతుళ్ళు వెనక సీట్లో బెల్టులు పెట్టుకున్నారు. అతను ఎక్కబోతూ తలుపు మీద చెయ్యి వేశాడు.

“బాబూ, ఇంత చిన్నది నిజంగా ఎగురుతుందా?”

తిరిగి చూస్తే ప్రశ్నల తాతయ్య.

క్లబ్బులో అందరూ ఆయన్ని అలాగే అంటారు. ఎవరో, ఏమిటో ఎవరికీ పట్టలేదు. ఎప్పుడో ఒకసారి ఊడిపడతాడు, ఎవరో ఒకరి విమానం పక్కన నిలబడి అడ్డమైన ప్రశ్నలూ అడుగుతాడు, వెళ్ళిపోతాడు.

“ఎగరకపోతే మేమెందుకెక్కుతాం తాతా?”

“మరి గాల్లో ఉండగా ఇంజను ఆగిపోతే? ఢామ్మని పడిపోవడమేనా?”

“అబ్బే, పడదు! మెల్లగా జారుకుంటూ దిగొచ్చు. ఖాళీ మైదానం చూసుకుని...”

మొదలెట్టాడు. విమానం గురించి అడిగితే చెప్పకుండా పోయే పైలట్ ఇంకా పుట్టలేదు.

“ఈ ముల్లేమిటి బాబూ?”

“ఎత్తు చెబుతుంది.”

“ఆ పక్కది?”

“వేగం.”

“అది అబద్ధం చెబితే మీకెలా తెలుస్తుంది?”

మంచి ప్రశ్నే! డాక్టరుకి హుషారొచ్చింది. పొద్దస్తమానం నోళ్ళు తెరుచుకుని పడుకున్న వాళ్ళతో వేగే మనిషాయె, ఎదురు మాట్లాడేవాడు దొరకడమే అపురూపం. చేతులు రెండూ చాపి, ఒళ్ళు వంచి, మలుపు ఎలా తిప్పాలో కూడా చూపించాడు.

“దీనికి రివర్సు గేరుందా?”

లోపల పాప కిసుక్కున నవ్వింది.

“లేదు తాతా. నేల మీదైతే దిగి చేత్తో తోసుకోవడమే.”

“పైకెళ్ళాక వెనక్కి రావాలనిపిస్తే?”

“తిప్పుకుని వచ్చేస్తాం.”

“అందరూ తిప్పుకుంటారా?”

“తిప్పుకోక? చూస్తూ చూస్తూ ఎవడైనా ముందుకెళ్తాడా?”

తాతయ్య తలూపాడు. మరో ప్రశ్న వేశాడు. దాని వెనకే ఇంకోటి.

“ఏమండీ,” అంది భార్య లోపల్నుంచి, “కొండేదండీ?”

డాక్టరు తల తిప్పాడు. కొండ లేదు. అది ఉండాల్సిన చోట మబ్బు నేల దాకా దిగి కూర్చుంది.

“నీ ప్రశ్నలు తగలెయ్య! ఈపాటికి అవతల దిగేసి ఉండేవాణ్ణి! పనీపాటా లేకపోతే ఇంట్లో పడి ఉండలేవా? ఇంకోసారి నా విమానం దగ్గర కనిపించావో, మర్యాదగా ఉండదు!”

“పెద్దాయన్ని పట్టుకుని అవేం మాటలండీ?” అంది భార్య.

“తప్పయిపోయింది బాబూ,” అన్నాడు తాతయ్య.

పాప బెల్టు విప్పుకుని కిందికి దూకేదాకా ఉండి, అప్పుడు కదిలాడు. ఆ మొహంలో చిన్నబోయిన జాడే లేదు. అది చూసి డాక్టరుకి ఇంకా మండింది.

చుట్టు దారిన కారులో వెళ్ళారు. బావమరిది గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

“ఏం బావా, పైన ట్రాఫిక్కా?”

ఇల్లంతా ఒకటే నవ్వు.

వానలు వెనకబట్టాక, ఒక ఆదివారం క్లబ్బులో టీ తాగుతూ డాక్టరు ఈ ముచ్చట చెప్పాడు. తాతయ్య గొంతు పెట్టి మరీ చెప్పాడు.

“నన్నూ అంతేనండీ!” అన్నాడు లాయరు. “పక్షి ఎదురొస్తే హారన్ కొడతారా అంటూ నా పూటంతా మింగేశాడు.”

“టైర్లు మూడే ఉన్నాయి, నాలుగోది ఎవరెత్తుకెళ్ళారని అడిగాడు నన్ను,” అన్నాడు బట్టల కొట్టాయన.

అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

“ఆయన వదిలేసరికి మబ్బు కమ్మేసింది, ఇంకేం ఎగురుతాం?” అన్నాడు లాయరు.

“నాకూ మబ్బే అడ్డొచ్చింది,” అన్నాడు బట్టల కొట్టాయన.

నవ్వులు ఆగిపోయాయి.

“ఎండ కాసిన రోజు ఆయన ఎవరికైనా కనిపించాడా?” అని మెల్లగా అడిగాడు డాక్టరు.

“లేదే!” అన్నాడు లాయరు.

ఆ రోజు పాప కూర్చున్న సీటు డాక్టరుకి గుర్తొచ్చింది. లేచి రేడియో గదికి పరుగెత్తాడు.

“అమ్మా, ఆ తాతయ్య ఇల్లెక్కడ? వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలి.”

“ఆయన కిందటి వారమే కన్నుమూశారు డాక్టరుగారూ. నిద్రలోనే.”

తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

“మబ్బుంది, వెళ్ళకు అని ఆయన తిన్నగా చెప్పొచ్చుగా అమ్మా?” అన్నాడు.

“నేను తిన్నగానే చెప్పాను. విన్నారా? వద్దంటే ఏ పైలటూ వినడు, అడిగితే మాత్రం ఎంతసేపైనా ఆగి చెబుతాడు అనేవారాయన. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు. తెలిస్తే ఇక ఎవరూ ఆగరని ఆయన భయం.”

“పైలట్ల మనసు ఆయనకెలా తెలుసు?”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“మీరెవరూ ఇక్కడ చేరకముందు, మబ్బులో ఆ కొండకి గుద్దుకున్న విమానం నడిపింది ఆయనే బాబూ, భార్యా ఇద్దరు కొడుకులూ అక్కడే పోయారు, ఆయనొక్కరే మిగిలారు.”