లిడ్డీ పిల్లలు

"ఈసారి కాగితం చూపించకపోతే కుదరదక్కా," అన్నాడు నెవిల్.

వెర్నా సాసేజీలు తిరగేస్తోంది. తల ఎత్తలేదు. ఈ మాట తొమ్మిదేళ్ళుగా వింటోంది. మొదట్లో మోకాళ్ళ నొప్పులు లేవు కాబట్టి నవ్వుతూ వినేది.

ఏటి ఒడ్డున, ఒకప్పుడు చర్చివాళ్ళు ఆదివాసీల్ని ఉంచిన పాత మిషన్ ఇళ్ళ ముందు, నూటనలభై మూడు మంది కూర్చుని తింటున్నారు. అందరి ఒంటిమీదా ఒకే బనీను. దానిమీద ఒక గుర్రం, ఒక తుపాకి, కింద 'కెప్టెన్ ఫ్రాస్ట్ రక్తం' అని పెద్ద అక్షరాలు. నూట అరవై ఏళ్ళ కిందట న్యూ సౌత్ వేల్స్ అడవుల్లో గుర్రబ్బళ్ళని ఆపి దోచిన గజదొంగ ఫ్రాస్ట్. అతనితో సమానంగా గుర్రమెక్కి రెండేళ్ళు కాపురం చేసిన ఆదివాసీ మనిషి లిడ్డీ. ఆమెకి ఆరుగురు పిల్లలు. ఇక్కడ తింటున్నవాళ్ళంతా ఆ ఆరుగురి తాలూకే.

బనీను మీద లిడ్డీ లేదు. చోటు చాలలేదన్నారు.

నెవిల్ వరసకి తమ్ముడు. ఇన్సూరెన్స్ కంపెనీలో మేనేజరుగా రిటైరయ్యాడు. వాళ్ళ వాటా జనం మూడు తరాల కిందట మిషన్ వదిలి టౌన్లోకి మారి, రంగు గురించి ఎవరైనా అడిగితే "మా అమ్మమ్మది స్పెయిన్" అని చెప్పుకుని బతికారు. బజార్లో, మిషన్లోనే ఉండిపోయిన ఐవీ పెద్దమ్మ ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపుకి పోయేవాళ్ళు. తర్వాత టీవీలో గజదొంగల మీద ప్రోగ్రామొచ్చింది. మరుసటి నెల్లోనే అందరూ స్పెయిన్ నుంచి తిరిగొచ్చేశారు.

ఊరికే రాలేదు, రక్తంతో వచ్చారు. నెవిల్ పార్కింగులో కారు రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే, "ఏం చేస్తాం, ఫ్రాస్ట్ రక్తం," అంటాడు. జరిమానా మాత్రం ఆ సాయంత్రమే కట్టేసి, రసీదుని తారీఖు వరసలో ఫైల్లో పెట్టుకుంటాడు. వాళ్ళావిడ రొండా హోటల్లో పంచదార పొట్లాలు బ్యాగులో వేసుకుంటూ అదే మాట అంటుంది. ఆవిడకి పెళ్ళితో అంటుకుంది.

వంశం వివరాల కోసం వెర్నా రికార్డాఫీసులూ చర్చిలూ తిరిగింది. ఎక్కడికెళ్ళొచ్చినా వీళ్ళు అడిగేది ఫ్రాస్ట్ గురించే. టోపీ సైజెంత, గుర్రం పేరేంటి. చలికాలంలో లిడ్డీ ఏం వండుకునేదని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

"పిల్లల బాప్తిజం కాగితాలు, ఫ్రాస్ట్ పేరున్నవి, ఇంకా దొరకలేదా?" అన్నాడు నెవిల్.

"వెతుకుతున్నా."

సిడ్నీలో ఒకాయన ఉన్నాడట. వంశవృక్షాలు తియ్యడమే ఆయన పని. ఆరు వారాల్లో తేల్చేస్తానన్నాడట. ఈ పూటే కమిటీ ముందు పెట్టి, చేతులెత్తించి, పని ఆయనకి అప్పజెప్పేద్దామని నెవిల్ ఆలోచన. వెర్నాకి కూడా విశ్రాంతి దొరుకుతుందన్నాడు.

వెర్నా చేతిలో పట్టకారు ఆగింది.

"ఇంకో ఏడాది ఆగు తమ్ముడూ."

"పోయినేడాదీ అదే అన్నావు."

"పోయినేడాది మోకాలి ఆపరేషను."

"అంతకు ముందు?"

"రెండో మోకాలు."

కొందరికి మొదలుపెట్టడమే గానీ ముగించడం చేతకాదని రొండా పక్కావిడతో అంది. వెర్నాకి వినపడేంత నెమ్మదిగా అంది.

వెర్నా సాసేజీ తిరగేసి, అవతలికి చూసింది. చెట్టు నీడన కుర్చీలో ఐవీ పెద్దమ్మ కూర్చుంది. తొంభై ఒక్క ఏళ్ళు. ఒడిలో ప్లేటు చల్లారిపోతోంది. ముందు పిల్లలు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, వాళ్ళ ముత్తవ్వ ఎవరో, ఆవిడ ఏ ఇంట్లో ఉండేదో చెబుతోంది పెద్దమ్మ. పదేళ్ళ కిందట ఆవిడ పుట్టినరోజుకి వచ్చింది ఏడుగురు. అందులో ఒకరు నర్సు. మళ్ళీ ఆ ఏడుగురి రోజులు రాకూడదని, వెర్నాకి మిగిలిన కోరికల్లా అదొక్కటే.

నెవిల్ లేచి, గొంతు సవరించుకుని, తీర్మానం చదివాడు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండన్నాడు. తనే ముందు ఎత్తాడు.

ఐవీ పెద్దమ్మ కర్రతో నేలమీద రెండుసార్లు కొట్టింది.

"వెర్నా వెతుకుతోందిగా. వెతకనీండి," అంది. "లిడ్డీ ఎక్కడికన్నా పారిపోతుందా? మళ్ళీ ఏడాది రండి. పిల్లల్ని తీసుకురండి. ఏం దొరికిందో అది అప్పుడు చెబుతుంది."

ఆదివాసీల్లో పెద్దవాళ్ళు మాట్లాడాక మారుమాట లేదు. ఈ సంగతి పుట్టినప్పట్నుంచీ మిషన్లో ఉన్నవాళ్ళకన్నా నెవిల్‌కే గట్టిగా తెలుసు. ఆదివాసీ ఆచారాల మీద రెండు రోజుల కోర్సు చేశాడు. సర్టిఫికెట్ హాల్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. ఎత్తిన చేత్తో టోపీ సర్దుకుని కూర్చున్నాడు. 'వచ్చే ఏటికి వాయిదా' అని మినిట్స్ పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు.

నాలుగయ్యేసరికి కార్లు కదిలాయి. అందరూ పెద్దమ్మ బుగ్గ మీద ముద్దుపెట్టి, మళ్ళీ ఏడాది వస్తామని చెప్పి వెళ్ళారు. వెర్నా మడత కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పెద్దమ్మకి టీ ఇచ్చి, పక్కన కూలబడింది.

"నిజంగా వెతుకుతున్నావుటే?" అంది పెద్దమ్మ.

"వెతుకుతున్నా పెద్దమ్మా."

"మెల్లిగానే వెతుకు."

వెర్నా బూట్లు విప్పి, కాళ్ళు చాపుకుని, ఏటికేసి చూస్తూ ఉండిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట, వెతకడం మొదలెట్టిన మొదటి వారంలోనే, చర్చి రిజిస్టర్లో ఆ ఆరుగురు పిల్లల తండ్రి ఆమెకి దొరికాడు: ఫ్రాస్ట్ ఉరికెక్కిన మూడేళ్ళకి లిడ్డీని పెళ్ళాడి, ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు వేళకి ఆఫీసుకి వెళ్ళి వేళకి ఇంటికొచ్చిన పోస్టాఫీసు గుమాస్తా.