ఆకుకు చలేస్తే

"సిస్టరుగారండీ, ఇంకో దుప్పటి ఉంటే ఇప్పిస్తారా?"

ఆ నాలుగు మాటలు అనేసరికే నిత్యానందం పళ్ళు టకటకలాడాయి. ఉన్న దుప్పట్లన్నీ అప్పటికే పంచేసింది స్టెల్లా. తన శాలువా తీసి ఆయన కాళ్ళ మీద కప్పింది.

ఏలూరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ హాలు రెండో అంతస్తులో ఉంది. కిటికీలు తెరుచుకోవు. బయట ఏ కాలమైనా లోపల ఒకటే కాలం. ఒంట్లో రక్తం గొట్టంలోంచి మెషీనులోకి వెళ్ళి, శుభ్రపడి తిరిగి వచ్చేసరికి మనిషికి లోపల్నుంచే వణుకు పుడుతుంది. దానికి తోడు నెత్తి మీద ఏసీ. సూదులు గుచ్చిన చెయ్యి నర్సుకి కనపడుతూ ఉండాలి కాబట్టి దుప్పటి కింద దాచుకోవడానికీ వీల్లేదు. డయాలసిస్ అయినంతసేపూ ఆ చెయ్యి చలిలో ఉండాల్సిందే.

ఏసీ తగ్గించమని స్టెల్లా అడగని వారం లేదు. మేనేజరు సత్యనారాయణమూర్తి మంచివాడే. కానీ రిమోట్లు తన సొరుగులో పెట్టుకుని తాళం వేసుకునేవాడు.

"మెషీన్లు వేడెక్కితే ఎవరండీ పూచీ? పెద్ద డాక్టరుగారు పెట్టించిన నంబరది. నేను ముట్టుకోను."

పెద్ద డాక్టరుగారిని అడిగితే, "మేనేజరుగారితో చెప్పమ్మా" అన్నారు.

అడిగి అడిగి ఆమెకు విసుగు కూడా చచ్చిపోయింది.

అలాంటి రోజుల్లో హాలులోకి మొక్కలు వచ్చాయి. పెద్ద డాక్టరుగారి భార్య ప్రసన్నలక్ష్మిగారు తాడేపల్లిగూడెం నర్సరీ నుంచి తెప్పించారు. మనీప్లాంట్లు, రబ్బరు మొక్కలు, తెల్లపూల లిల్లీలు. అన్నీ తెల్లటి పింగాణీ కుండీల్లో.

"పనివాళ్ళకి వదిలేస్తే పాడు చేస్తారు. పసిపిల్లల్లా చూసుకోవాలి. నువ్వయితేనే నాకు నమ్మకం స్టెల్లా" అన్నారావిడ.

ఉన్న చాకిరీకి తోడు ఇదొకటి. స్టెల్లా సరేనంది. మొక్కలు మొదట్లో బాగానే ఉన్నాయి. లిల్లీ ఒకటి పువ్వు కూడా పూసింది.

ఒకరోజు మెషీను ఆపి సూదులు తీస్తుంటే నిత్యానందం నెమ్మదిగా అన్నాడు.

"వచ్చేవారం నుంచి రానమ్మా."

"అదేంటి బాబాయిగారూ?"

"కొల్లేటి నీళ్ళలో మెడలోతున నిలబడి వలలు లాగినోణ్ణి. ఆ చలి వేరు, ఈ చలి వేరు. ఇది ఎముకల్లోకి వెళ్ళిపోతంది. ఓపిక లేదింక. ఇంటికాడయితే కనీసం వెచ్చగా పోతాను."

స్టెల్లాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. పోయినేడు చింతలపూడి నుంచి వచ్చే ఒకాయన అచ్చం ఇలాగే అని మానేశాడు. ఎందుకు రావడం లేదని ఫోను చేస్తే, దినం కూడా అయిపోయిందండీ అన్నారు ఇంట్లోవాళ్ళు.

"ఒక్క నెల రండి బాబాయిగారూ. నా మాట మీద రండి."

"నెల పోతే ఏమవుద్దమ్మా?"

ఆమె దూది నొక్కిపెట్టి ప్లాస్టరు వేసింది.

ఆ తరవాత కొద్దిరోజులకే మనీప్లాంట్ల ఆకులు వేలాడేశాయి. లిల్లీ కాడలు మెత్తబడి ఒరిగిపోయాయి. రబ్బరు మొక్కల ఆకుల మీద నల్లటి మచ్చలు లేచాయి. ప్రసన్నలక్ష్మిగారు వచ్చి చూసి నీరుగారిపోయారు.

"రోజూ నీళ్ళు పోస్తున్నావా అమ్మా?"

"నా చేత్తోనే పోస్తున్నానండి."

"మరి ఈ ఏసీ చలికేమో. గాలి తగలకుండా జరిపి చూడు."

కాళ్ళు పీకుతున్నా స్టెల్లా ఒక్కో కుండీనీ ఏసీల కింద నుంచి పక్కకు లాగింది. ఆవిడ చెప్పినట్టే కుండీలకు గోనెపట్టాలు చుట్టింది. సాయంత్రాలు ఇంటికి వెళ్ళేముందు ఆకుల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పింది. అయినా ఆకులు రాలుతూనే ఉన్నాయి. వాటిని ఏరి పారేసేటప్పుడు ఆమెకు మనసు కలుక్కుమనేది. పాపం, అవేం చేశాయి.

"మొక్కలకి గోనెలు చుట్టారు గానండీ..." అని నిత్యానందం మొదలుపెట్టి ఊరుకున్నాడు. పక్క మంచం మీది మనిషి నీరసంగా నవ్వాడు.

చివరికి ప్రసన్నలక్ష్మిగారు నర్సరీ యజమాని ఫణికిరణ్‌ను పిలిపించారు. అతను ఆకు తిప్పి చూశాడు. మట్టిలోకి వేలు దింపాడు.

"వేర్లకి చలి కొట్టిందండి. మట్టి కూడా ఎంత చల్లగా ఉందో చూడండి. ఇవి వెచ్చటి చోట బతికే జాతులు. గోనెలూ కవర్లూ ఏం ఆపుతాయండీ? ఏసీ ఇరవై ఆరుకి తక్కువ పెడితే ఒక్కటీ మిగలదు."

ఆవిడ అక్కడే నిలబడి భర్తకు ఫోను చేశారు. రెండు మాటలు మాట్లాడి ఫోను సత్యనారాయణమూర్తికి ఇచ్చారు. ఆయన "సరేనండి, సరేనండి" అంటూ వెళ్ళి సొరుగు తాళం తీశాడు.

కాసేపటికి హాలులో ఏసీల మోత తగ్గింది. ఒకావిడ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పింది. ఎవరో దుప్పటి కాళ్ళ దాకా తోసేశారు. సూదులున్న చెయ్యి చాపుకుని నిత్యానందం నిద్రపోయాడు. ఆ చేతి మీద రోమాలు నిక్కబొడుచుకోలేదు.

మెషీన్లు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. స్టెల్లా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మంగళవారం వస్తానమ్మా" అని చెప్పి వెళ్ళాడు నిత్యానందం.

అందరూ వెళ్ళాక, ఆ సాయంత్రం, స్టెల్లా చాలా రోజుల తరవాత ఐసుముక్కలు వేయని నీళ్ళు తెచ్చి మొక్కలకు పోసింది.