మెలి తీగలు

"ఏదో ఒక తీగ కలిపి టేపు చుట్టెయ్యవయ్యా! ఆఫీసు మూసేలోపు రాయచూరులో ఉండాలి మేము" అని బాపయ్య అరిచాడు.

"టేపు చుడితే నేను కారెక్కను" అంది రాజ్యలక్ష్మి, ప్లాస్టిక్ కుర్చీలోంచి కదలకుండా.

సూగురేశ్ బానెట్ కింద నుంచి తల బయటికి తీశాడు. రాయచూరుకు ఇవతలి సిరవారలో కార్ల వైరింగ్ పనికి అతని షాపు పెట్టింది పేరు. దారిలో ఆగిపోయిన ఈ కారును ఎవరో ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి అతని ముందు వదిలిపోయారు. ఎలుక కొరికి రెండు సన్నటి తీగలు తెగాయి. వాటిని కలిపే కనెక్టరు కూడా పాడైంది.

"ఇంజన్‌కు, బ్రేకుకు, స్టీరింగుకు తలా ఒక చిన్న కంప్యూటర్ ఉంటదమ్మా. అవి మాట్లాడుకునేది ఈ రెండు తీగల మీదనే. మాట తెగింది, బండి ఆగింది."

బాపయ్య గోడకు వేలాడుతున్న లావుపాటి ఎర్ర తీగ లాగాడు. "ఇది వెయ్యి. ఏనుగుని కట్టినా తెగదు."

"అది లైట్లకు సార్. దీనికి మెలేసిన జంట తీగ కావాల. విడివిడిగ ఏస్తే పక్క తీగల గోలంత దీంట్లకొస్తది. మెలేస్తే ఆ గోల రెండిటికీ ఒక్కతీరు తగుల్తది, మాట చెడదు."

"విన్నారా?" అంది రాజ్యలక్ష్మి.

"నీ గోల వినటానికే నాకు చెవులు చాలట్లేదు."

సూగురేశ్ నవ్వు ఆపుకుని రెండు కనెక్టర్లు తెచ్చాడు. ఒకటి నొక్కితే చాలు, కూర్చుంటుంది. రెండోదానికి రబ్బరు సీలు, లాకు ఉన్నాయి. కానీ పిన్నులు ఒక్కొక్కటే బిగించాలి, ఆలస్యమవుతుంది. పెద్దాయన తొందర చూసి అతనికీ మనసు మొదటిదాని మీదికే పోయింది.

"ఇయ్యాలకు ఇది ఏస్త. మల్ల వచ్చినప్పుడు మారుద్దాం."

రాజ్యలక్ష్మి లేచి వచ్చి దాన్ని జతచేసి మెల్లగా లాగింది. చేతిలోకి ఊడి వచ్చేసింది.

"బండి నడిపేది ఈయన బాబూ. కాలవ గట్టు మీద ఇది ఊడితే బండి ఏమైపోయినా నాకు ఫర్లేదు. ఈయనకేమన్నా అయితే?"

బాపయ్య ఎర్ర తీగని మళ్ళీ గోడకు తగిలించాడు. గొంతు తగ్గించి, "రబ్బరుదే వెయ్యవయ్యా" అన్నాడు.

సూగురేశ్ పిన్నులు బిగిస్తుంటే పెద్దాయన వంగి ఫోను లైటు పట్టాడు. ఆమె కొంగుతో ఆయన మెడ మీద చెమట తుడిచింది. "లైటు పక్కకి పోతోంది, ఇటివ్వండి" అంటే, "నీకంటే నయమే" అన్నాడాయన. లాకు టిక్కుమని పడింది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. డాష్‌బోర్డు మీది ఎర్ర లైట్లన్నీ ఆరిపోయాయి.

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ముసలితనంలో తనూ, తన భార్యా ఇలా ఉంటే ఎంత బాగుణ్ణు అనిపించింది సూగురేశ్‌కి.

"ఎన్నేండ్లాయెనమ్మా మీరు గిట్ల కొట్లాడుకోవట్టి? నలభై ఏండ్లుంటదా?"

బాపయ్య సిగ్గుపడి చొక్కా కాలరు సర్దుకున్నాడు. రాజ్యలక్ష్మి వెనక తలుపు తెరిచి పట్టుకుంది.

"షాపుకి కాసేపు తాళం వేసి ఎక్కు బాబూ, రిజిస్ట్రారు ఆఫీసులో మా పెళ్ళికి ఒక సాక్షి తక్కువయ్యాడు."