అడుగంటిన రెండు అంకెలు

కౌంటర్లో అమ్మాయి రిపోర్టు కవరు చాపింది. అప్పుడే చేతులకి క్రీము రాసుకున్న భార్య, జిడ్డు అంటుతుందేమోనని ఒక్క క్షణం తటపటాయించింది. ఈలోగా ఆయన దాన్ని లాక్కున్నాడు.

"ఇలా తే. నీకేం అర్థమవుతుంది!"

సుద్దముక్కలకి ఎండిపోయే బడిపంతులమ్మ చేతులవి. ఆమె క్రీము డబ్బా సంచీలో వేసుకుంది.

ఆయన వరండాలో నిలబడే కవరు చింపాడు. చూపు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు వరుసల మీదికి పోయింది. మిగతా కాగితం ఆయనకి అక్కర్లేదు. ఆయన పరిశోధనంతా ఆ రెండింటి చుట్టూనే. పిల్లలు పుట్టడానికి కావలసిన ఆ హార్మోన్లని తయారు చేసేది మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి. అందులో వాటి జన్యువులు ఎప్పుడు మేలుకుంటాయి, ఎప్పుడు పడుకుంటాయి అని అడిగితే చాలు, భోజనం మానేసైనా చెబుతాడు.

ఇప్పుడా రెండు అంకెలూ అడుగంటిపోయి ఉన్నాయి.

"ఏమైందండీ? మొహం అలా పెట్టారేం?" అంది భార్య.

"ఏం లేదు."

ఉంది. ఒంట్లోకి హార్మోను బయటినుంచి వచ్చి పడితే, ఇంక మనతో పనేముందని ఆ గ్రంథి దుకాణం కట్టేస్తుంది. ఆ రెండు జన్యువులూ ముసుగుతన్ని పడుకుంటాయి. ఈ ముక్క ఆయనే ఏటా కొత్త విద్యార్థులకి చెబుతాడు. మరి ఈమె ఒంట్లోకి బయటి హార్మోను ఎక్కడినుంచి వచ్చింది?

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే కుడి భుజం మీదికి పోయింది. రోజూ ఆమె తల పెట్టుకుని పడుకునేది అక్కడే. రోజూ స్నానం కాగానే గడియ పెట్టుకుని ఆయన మగవాళ్ళ హార్మోను క్రీము రాసుకునేదీ అక్కడే.

సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

లోపలినుంచి పిలుపు వచ్చింది. డాక్టరమ్మ ఎదుట కూర్చోగానే భార్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా బిగించింది. నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో అలాగే కూర్చుంటోంది. ఎన్ని సూదులు, ఎన్ని స్కానింగులు! ప్రతిసారీ "నీలో ఏ లోపమూ లేదమ్మా" అనే మాటే. "మీవారిని కూడా ఓసారి..." అని డాక్టరమ్మ అన్నప్పుడల్లా ఈయనగారికి ఏదో మీటింగు గుర్తొచ్చేది.

డాక్టరమ్మ నోరు తెరవబోయింది.

"ఒక్క నిమిషం," అన్నాడాయన. "తప్పు నాది."

"ఏం తప్పు?" అంది డాక్టరమ్మ.

"నేనొక క్రీము రాసుకుంటున్నాను. భుజాలకి. మగవాళ్ళ హార్మోను. ల్యాబులో కుర్రాళ్ళు చాటుగా నన్ను తాతయ్య అంటున్నారని తెలిసి మొదలెట్టాను. అదే ఈమెకి అంటుకుంది. అంకెలు అందుకే పడిపోయాయి."

భార్య వైపు తిరిగి ఆయన మిగతాదీ కక్కేశాడు.

"అంతే కాదు. అది రాసుకుంటే ముందు నా గ్రంథే నిద్రపోతుంది. వీర్యంలో కణాలుండవు. మనకి పిల్లలు పుట్టకపోవడానికి కారణం నేనే. తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను. నిన్ను సూదులకి అప్పగించి, నేను అద్దం ముందు కండలు చూసుకున్నాను."

చెప్పాక తల ఎత్తలేకపోయాడు. బల్ల కింద భార్య చెప్పులు కనిపించాయి. ఈ ఆసుపత్రికి తిరిగి తిరిగి మడమల దగ్గర అరిగిపోయిన చెప్పులు. వాటిని కూడా సూటిగా చూడలేకపోయాడు.

డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "సార్, ఆ రెండూ పడిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది కదా?"

"గ్రంథిలో కణితా?" అన్నాడాయన.

"రెండో పేజీ చూశారా?"

చూడలేదు. రెండో పేజీలో ఆయన గ్రంథి లేదు మరి.

"కణితీ లేదు, గిణితీ లేదు. కడుపులో బిడ్డ పడితే ఒంటినిండా హార్మోన్లే. పీయూష గ్రంథికి ఇంక పనుండదు, పడుకుంటుంది. మీ పాఠమే కదండీ ఇది! మీ ఆవిడకి రెండో నెల."

భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి కన్నీళ్ళు కారాయి.

ఆయన ఎగిరి గంతెయ్యాలి. కాని కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు. ఇవాళ పొద్దున కూడా క్రీము రాసుకున్నాడు. ఇన్నాళ్ళలో ఒక్క పూట మానలేదు. దాని మహిమ వల్లే కదా ఈ మధ్య మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు! తన గ్రంథి పడుకునే ఉంది. తనలో కణాల్లేవు. మరి ఈ బిడ్డ...

ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అది పోలేదు. మెల్లగా తలెత్తి భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే ఆయన్ని చూస్తోంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ చూపు చదవడం ఎంతసేపు?

"అడగండి," అంది. "నోటిదాకా వచ్చింది కదా."

"అది కాదు... నేను..."

"మీ అంతట మీరు చెప్తారేమోనని ఏడాదిగా చూస్తున్నాను. ఇవాళ చెప్పారు, సంతోషం."

కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి తన చిన్న క్రీము డబ్బా తీసి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"బూట్ల వెనకాల మీరు తెచ్చి దాచిన ప్రతి డబ్బానీ సింకులో పారబోసి మళ్ళీ నింపాను. ఏడాదిగా మీరు భుజాలకి రాసుకుంటున్నది ఇదే."