హన్మవ్వ దండాలు

కార్ఖానా మున్షీ దేవిదాస్, హన్మవ్వ తెచ్చిన కట్ట విప్పి బీడీలన్నీ బల్ల మీద గుమ్మరించాడు. ఒకదాన్ని వేళ్ల మధ్య నొక్కితే సొట్టపడింది. ఇంకోదాని దారం ఊడి చేతికొచ్చింది.

"ఎవరు చుట్టిండ్రు హన్మవ్వా ఇవి?"

"ఎవరు చుట్టుడేంది? నేనే."

"అబద్ధం చెప్పకు. మొన్న గిట్లనే తెస్తివి, నిన్న గిట్లనే తెస్తివి. పోనీ అని ఊకున్న. ఇయ్యాల మూడో దినం. సేట్ సూసిండంటే నీకు ఆకు బంద్ చేయమంటడు."

తునికాకు, తంబాకు ఇవ్వడం ఆపేస్తే రేపట్నుంచి హన్మవ్వ పొయ్యి వెలగదు. బోధన్ చుట్టూ కనుచూపు మేర చెరుకే ఉంది గానీ, ఆ చేతులు కొడవలి పట్టలేవు. వేళ్ల కణుపులు రేగుపండ్లలా ఉబ్బి ఏళ్లవుతోంది. రాత్రీ పగలూ ఒకటే సలుపు.

"మున్షీ సాబ్, నీ కండ్లతోని సూసినవ్, నువ్వే చెప్పు. మూడేండ్ల సంది నా బుట్టలకెల్లి ఒక్క బీడీ తీసి పారేసినవా?"

"పారేయలే. అందుకే అడుగుతున్న. ఎవరో చిన్న పోరగాండ్లతోని చుట్టిపిచ్చి తెస్తున్నవ్."

"నా మీద ఒట్టు. కట్టలు కట్టుడు కాడ నలిగినయ్ సాబ్. ఆ పని నాకు చేతగాదు. మా ఇద్దరియీ అజీజానే కట్టి, ఎవరి బుట్టల వాళ్లయి పెడుతుండె. ఇప్పుడు అది లేదాయె."

అజీజా హన్మవ్వ పక్కింటి పిల్ల, ఇద్దరూ ఆమె గడప మీదే కూర్చుని బీడీలు చుట్టేవారు. మూడు రోజులు జ్వరమొచ్చి, పోయిన శుక్రవారం ఆ పిల్ల కన్నుమూసింది. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

హన్మవ్వ ఏడుపుగొట్టు మనిషి కాదు. నొప్పి ఎటూ పోయేది కాదని తెలిశాక, దాన్ని ఒక మూల కూర్చోబెట్టి మిగతా రోజంతా దేవుడికి దండాలు పెట్టడం నేర్చుకుంది. పొద్దున వేన్నీళ్లలో ముంచితే వేళ్లు కొంచెం వంగేవి, దానికో దండం. చక్కెర ఫ్యాక్టరీ కూత వేసే వేళకు అజీజా గడప మీదికి ఎండ వచ్చేది, దానికో దండం. అజీజా ఇచ్చిన చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది, దానికీ ఒకటి. సాయంత్రం చెరుకు బండ్ల వరస దాటించడానికి అజీజా ఆమె మోచెయ్యి పట్టుకునేది. కార్ఖానాలో దేవిదాస్ ఒక్క బీడీ కూడా తియ్యకుండా బుట్ట పక్కకు జరిపితే, అప్పుడు పెట్టేది అన్నిటికన్నా పెద్ద దండం. "సామీ, నొప్పి ఇచ్చినవ్ గని పనితనం గుంజుకోలే. నీ దయ" అనుకునేది కళ్లు మూసుకుని.

పాపం, తిట్లన్నీ అజీజాకే పడేవి. రోజూ ఆమె బుట్టలోంచి సగం బీడీలు తీసి దేవిదాస్ అవతల పారేసేవాడు. హన్మవ్వకు తల కొట్టేసినట్టుండేది. నలుగురి ముందే మందలించేది.

"సక్కటి వేళ్లిచ్చిండు గదనే అల్లా. జర మనసు పెట్టి చుట్టరాదు?"

అజీజా నవ్వేసేది. "నాకేం ఫికర్ అవ్వా? మా ఆయన ఎజాజ్‌కు ఫ్యాక్టరీల నౌకరి ఉన్నది."

ఒళ్లు వంచని పిల్ల అని హన్మవ్వ కోపం. ఇప్పుడు ఆ పిల్లా లేదు, చాయ్ లేదు. ఎండ మాత్రం ఆ గడప మీదికి రోజూ వస్తోంది.

"సరే, నువ్వే చుట్టినవంటున్నవ్ గద," అన్నాడు దేవిదాస్. "నా ముంగట ఒకటి చుట్టు."

కత్తిరించిన ఆకు, చిటికెడు తంబాకు ఆమె ముందుకు తోశాడు. హన్మవ్వ నేల మీద చతికిలబడింది. ఆకులో తంబాకు పరిచి బొటనవేలితో వత్తుతుంటే నొప్పి మోచేతి దాకా పాకింది. పళ్లు బిగపట్టింది. మూతి మడవడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారికి మడిచింది. దారం చుట్టేసరికి నుదుట చెమట పట్టింది. అయినా పూర్తి చేసింది. ఈ మూడేళ్లూ ఎలా చుట్టిందో అలాగే చుట్టింది, ఒక్క వీసం తేడా లేదు.

"సూడు సాబ్," అంది, బీడీని అరచేతిలో పెట్టి పైకి చాపుతూ. "అబద్ధమాడిన్నా?"

దేవిదాస్ దాన్ని అందుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అదే పనిలో ఉన్నవాడు. బీడీని చూసి ఏ చెయ్యి చుట్టిందో చెప్పగలడని కార్ఖానాలో అతనికి పేరు. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. బల్ల మీద పడున్న వాటి పక్కన పెట్టి చూశాడు. ముఖంలో కోపం పోయింది.

"ఏమాయె సాబ్?"

"ఏం లేదు. నువ్వే చుట్టినవ్, నమ్మిన."

హన్మవ్వ ఊపిరి పీల్చుకుంది. అలవాటు కొద్దీ రెండు చేతులూ దండం కోసం దగ్గరికొచ్చాయి.

"కని అవ్వా," అన్నాడు దేవిదాస్ మెల్లగా, "గీ చేతి బీడీలు మూడేండ్ల సంది నేను అజీజా బుట్టలకెల్లి తీసి పారేసిన."