పాప మాట్లాడే గది

"కెమెరా ఇంకా కిందికి దించండి. జడ్జిగారు పైనుంచి చూస్తున్నట్టుంటే పిల్ల నోరు పెగలదు," అంది భార్య.

"దించీ దించీ చేతులు పడిపోయాయి. ఇంకా దించాలంటే నేల తవ్వాలి," అన్నాడు భర్త, స్క్రూడ్రైవర్ విసురుగా తిప్పుతూ.

చిన్న చిన్న మీటింగు గదులు అమర్చిపెట్టడం వాళ్ళిద్దరి వ్యాపారం. ఒక తెర, ఒక కెమెరా, ఒక మైకు, నొక్కడానికి ఒకే ఒక్క బటన్. ఇన్నాళ్ళూ ఆఫీసులకే చేశారు. ఇది మాత్రం కోర్టులో గది. విడిపోతున్న అమ్మానాన్నల ముఖాలు కనబడకుండా పిల్లలు ఇక్కడ కూర్చుని, పక్క హాల్లో ఉన్న జడ్జిగారితో మాట్లాడతారు. రేపు పొద్దున్నే మొదటి పాప వస్తుంది. బెదిరిపోయి మనసులో మాట చెప్పలేకపోయిందా, దాని బతుకే తారుమారవుతుంది. అందుకే ఇద్దరికీ కాలు ఒకచోట నిలవడం లేదు.

అతను మైకు బల్లమీద పెట్టాడు. ఆమె వెంటనే తీసేసింది.

"పాము పడగెత్తినట్టుంది. గోడకి బిగించండి."

"అంత దూరం పెడితే పిల్ల గొణిగింది వినబడొద్దూ?"

"వినబడేలా చెయ్యడం మీ పనేగా!"

కూర్చున్నవాళ్ళ ముఖం కూడా తెరమీద ఓ మూల కనిపిస్తోంది. అది మాత్రం అతనే తీసేశాడు. "తన ఏడుపు తనకే కనబడితే ఇంకా ఏడుస్తుంది," అన్నాడు. దానికి ఆమె ఎదురు చెప్పలేదు.

ఇక పరీక్ష. ఆమె ఆ చిన్న కుర్చీలో ఒదిగి కూర్చుంది. అతను పక్క హాల్లోకి వెళ్ళి తెరమీద ప్రత్యక్షమయ్యాడు.

"పాపా, నీకు అమ్మ దగ్గర ఉండాలనుందా, నాన్న దగ్గరా?"

ఆమె చూపు గోడమీది మైకు వైపు తిప్పుకుంది.

"వినబడుతోందా?"

"వినబడుతోంది."

"మరి చెప్పవేం? మైకు చూడాలిగా."

"ఒకటి, రెండు, మూడు... చాలా?"

"చాలు," అని అతను తెర ఆర్పేశాడు.

ఇందాకటి నుంచీ వరండాలో వాళ్ళ మాటలు వింటున్న గుమాస్తా తాళం వెయ్యడానికి వచ్చాడు. ఈ కోర్టుకి నిన్ననే బదిలీమీద వచ్చిన మనిషి. గది చూసి మురిసిపోయాడు.

"మొగుడూ పెళ్ళాలంటే మీలా ఉండాలండీ! మాటా మాటా అనుకుంటూనే పని ఎంత చక్కబెట్టారు! రేపు పొద్దున కొట్టుకుంటూ వచ్చేవాళ్ళకి మిమ్మల్ని చూపించాలి."

ఆమె సంచి సర్దుకుంది. అతను లైటు తీసేశాడు.

రేపటి మొదటి కేసు వాళ్ళిద్దరిదే.